రోజూ రక్తం తీయడం అవసరమా? అమ్మ ఆసుపత్రి ఫైలు ముందు పెట్టుకుని అడుగుతున్నాను

విభాగం: ఆరోగ్యం, ఆసుపత్రి అనుభవాలు

తెనాలి అమ్మాయి | ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు.

మా అమ్మకు 66 ఏళ్లు. పోయిన నెల జ్వరం, దగ్గు, ఆయాసం వస్తే విజయవాడలో ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. న్యుమోనియా అన్నారు. తొమ్మిది రోజులు ఉంచారు. అమ్మ నడుచుకుంటూ ఇంటికొచ్చింది. ఆ డాక్టర్లకు రెండు చేతులెత్తి దణ్ణం పెడతాను. ముందు ఆ మాట చెప్పాకే మిగతాది.

నిన్న ఇన్సూరెన్స్ పని మీద ఫైలు విప్పి రిపోర్టులన్నీ తేదీల వారీగా మంచం మీద పరిచాను. సీబీపీ, అంటే రక్తకణాల లెక్క, 11 సార్లు. కిడ్నీల పనితీరు చూసే క్రియాటినిన్, సోడియం లాంటి లవణాలు చూసే ఎలక్ట్రోలైట్స్ తొమ్మిది రోజులూ. ఒంట్లో ఇన్ఫెక్షన్, వాపు చూసే సీఆర్‌పీ ఆరు సార్లు, లివర్ చూసే ఎల్‌ఎఫ్‌టీ ఐదు సార్లు. థైరాయిడ్, విటమిన్ డి, బి12 ఒక్కోసారి. ఛాతీ సీటీ స్కాన్ రెండు సార్లు. నాలుగో రోజుకే జ్వరం తగ్గింది, ఆక్సిజన్ తీసేశారు, అమ్మ కూర్చుని ఇడ్లీ తింటోంది. ఆ తర్వాతి సీబీపీలు పక్కపక్కన పెట్టి చూస్తే అంకెలు దాదాపు ఒక్కటే. మారింది ఒక్క హిమోగ్లోబిన్. చేరినప్పుడు 11.4, ఇంటికొచ్చే రోజు 9.9. డిశ్చార్జి సమ్మరీలో రక్తహీనత అని రాసి ఐరన్ మాత్రలు ఇచ్చారు.

అమ్మ చేతులు మోచేతి మడత నుంచి మణికట్టు దాకా కమిలిపోయి నల్లబడ్డాయి. తెల్లవారుజామున ఐదింటికి వరండాలో ట్రే చప్పుడు వినబడితే చాలు, చెయ్యి దుప్పటి కిందకి లాక్కునేది. ఏడో రోజు నరం దొరక్క నాలుగు సార్లు గుచ్చారు. ఆ అమ్మాయి తప్పేం లేదు, పాపం ఆమె కళ్లలోనే నీళ్లు తిరిగాయి.

ఇంకొకటి. రెండో సీటీలో 'కుడి ఊపిరితిత్తిలో 4 మి.మీ. నాడ్యూల్' అని రాశారు, అంటే చిన్న గడ్డ లాంటి మచ్చ. మూడు నెలలకు మళ్లీ సీటీ తీయించాలట. ఆ ఒక్క మాటతో ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. అమ్మ ఎప్పుడూ పొగాకు ముట్టింది లేదు. ఇవన్నీ నిజంగా అవసరమైనవేనా? వైద్యం తెలిసినవాళ్లు చెప్పండి, తప్పుగా అర్థం చేసుకుంటే సరిదిద్దండి.

గుడివాడ బాబాయ్ | ఆదివారం, రాత్రి 10:05

అమ్మా, మా ఆవిడకు మోకాలి ఆపరేషన్ అప్పుడూ ఇదే వరస. అడగాలంటే భయం. మనం అడిగితే సరిగ్గా చూడరేమోనని. నేను మాత్రం నోరు విప్పలేదు.

రాత్రి డ్యూటీ | ఆదివారం, రాత్రి 11:50

నేను జనరల్ మెడిసిన్ డాక్టర్ని. కర్నూలులో చదివాను, ఇప్పుడు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. మీ అమ్మగారి కేసు షీటు నేను చూడలేదు కాబట్టి ఏ టెస్టు అనవసరమో తీర్పు చెప్పలేను. మొదటి రెండు మూడు రోజులు అవసరమే అయ్యుంటాయి. న్యుమోనియాలో ఆ వయసువాళ్లకు ఒక్క రాత్రిలో కిడ్నీలు దెబ్బతినొచ్చు, సోడియం పడిపోవచ్చు. కానీ జ్వరం తగ్గి, ఆక్సిజన్ తీసేసి, ఇడ్లీ తింటున్న మనిషికి రోజూ సీబీపీ ఎందుకో లోపల ఉన్నవాడిగా చెప్తాను.

పీజీ రెండో ఏడాదిలో ఒక పెద్దాయనకు సోడియం ప్రమాదకరంగా 118కి పడిపోయింది. ముందు రోజు నేను ఎలక్ట్రోలైట్స్ పంపలేదు. ఉదయం రౌండ్స్‌లో మా సార్ అందరి ముందూ నిలబెట్టి అడిగారు. ఆయన అడగడం న్యాయమే. ఆ రోజు నుంచి నేను వార్డులో ఉన్న ప్రతి మనిషికీ ప్రతి రోజూ అన్నీ పంపడం మొదలుపెట్టాను. పంపినందుకు నన్ను ఎవరూ ఎప్పుడూ ఏమీ అనలేదు. పంపనందుకే మాట పడ్డాను. జూనియర్ డాక్టర్ల చేతికి ఈ అలవాటు ఇలాగే వస్తుంది.

పైగా ఆర్డర్లు రాసే పద్ధతి ఒకటుంది. మొదటి రోజు 'డైలీ సీబీపీ, ఆర్‌ఎఫ్‌టీ, ఎలక్ట్రోలైట్స్' అని రాస్తారు (ఆర్‌ఎఫ్‌టీ అంటే కిడ్నీ టెస్టులు). ఆ తర్వాత నిన్నటి షీటు చూసి ఇవాళ్టిది ఎత్తి రాయడమే. ఆపమని ఎవరో ఒకరు ప్రత్యేకంగా రాస్తే తప్ప అది ఆగదు. రాత్రి రెండింటికి 30 మంది పేషెంట్లను చూసుకుంటున్నవాడు ఆపుదామని ఆలోచించడు. ఇన్సూరెన్స్ వాళ్లు ఇంకా ఎందుకు ఉంచారని అడిగితే చూపించడానికి రిపోర్టు కావాలి. డబ్బు కోణం కూడా ఉంది, లేదని నేను అబద్ధం చెప్పను. కానీ వార్డులో నేను చూసినంతవరకు డబ్బు కంటే భయం, అలవాటు ఈ రెండే ఎక్కువ.

రెండేళ్ల కిందట మా యూనిట్ పెద్ద డాక్టర్‌గారు ఒక మార్పు చేశారు. 'డైలీ' అన్న మాట కేసు షీటులో రాయకూడదు. రేపు కావలసిన టెస్టు ఈ సాయంత్రం కొత్తగా రాయాలి, పక్కనే ఎందుకో నాలుగు మాటలు రాయాలి. ఆ నాలుగు మాటలు రాయడానికి కలం ఆగిన ప్రతిసారీ ఆ టెస్టు అక్కర్లేదని అర్థమయ్యేది. మొదటి వారం నాకు టెన్షన్ తగ్గలేదు, ఏదో వదిలేస్తున్నానని. ఇప్పుడు పేషెంట్‌ని ముట్టుకుని చూడటం, ఆకలి ఎలా ఉంది, మూత్రం ఎంత వస్తోంది అని అడగడం నాకు పెరిగింది.

పాత మైక్రోస్కోప్ | సోమవారం, ఉదయం 6:30

పాథాలజిస్టుని. ల్యాబ్‌లో 31 ఏళ్లు. తల్లీ, ఆ 11.4 నుంచి 9.9 సంగతి ముందు చెప్తాను.

ఊదారంగు మూత ట్యూబులోకి 2-3 మి.లీ., సీరం ట్యూబులోకి 4-5 మి.లీ. తీస్తారు. రోజుకు 8 మి.లీ. అనుకున్నా తొమ్మిది రోజులకు 70 దాటుతుంది. రక్తంలో క్రిములు ఉన్నాయేమో పెంచి చూసే బ్లడ్ కల్చర్ సీసాలు మొదటి రోజు నింపి ఉంటే ఇంకో 20. టొరంటోలో వార్డు రోగుల మీద చేసిన ఒక అధ్యయనం 2005లో వచ్చింది. ప్రతి 100 మి.లీ. రక్తానికి హిమోగ్లోబిన్ సగటున 0.7 గ్రాములు తగ్గిందని అందులో తేలింది. ఆ లెక్కన మీ అమ్మగారికి తగ్గిన ఒకటిన్నరలో దాదాపు సగం ట్యూబుల్లోకే పోయి ఉండొచ్చు. మిగతాది జబ్బు వల్ల, సెలైన్ల వల్ల. మా మెషీన్లు సీబీపీకి వాడుకునేది ఆ ట్యూబులో చాలా కొంచెం. మిగిలినదంతా సాయంత్రం పారబోస్తాం. చిన్న పిల్లల ట్యూబులు పెద్దవాళ్లకు కూడా వాడొచ్చని నేను ఎన్నో మీటింగుల్లో చెప్పాను.

ఇక అసలు విషయం. రిపోర్టులో పక్కన బ్రాకెట్లో 'నార్మల్ రేంజ్' ఉంటుంది కదా. ఆరోగ్యంగా ఉన్న 100 మందిలో 95 మంది ఏ అంకెల మధ్య ఉంటారో అదే ఆ రేంజ్. అంటే మిగతా ఐదుగురు కూడా ఆరోగ్యవంతులే, కానీ వాళ్ల అంకె బోల్డ్ అక్షరాల్లో పడుతుంది. ఒక్క టెస్టుకి అయితే ఫర్వాలేదు. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 టెస్టులు చేస్తే, ఏ జబ్బూ లేని మనిషికి కూడా ఏదో ఒకటి తేడాగా వచ్చే అవకాశం 64 శాతం. 60 టెస్టుల ప్యాకేజీ అయితే 95 శాతం. ఆ ఒక్క బోల్డ్ అంకె పట్టుకుని మళ్లీ టెస్టు, ఆపైన స్కాను, ఆపైన ఇంకో స్పెషలిస్టు.

జబ్బు అరుదుగా ఉన్నచోట టెస్టు ఎంత మంచిదైనా మోసం చేస్తుంది. వెయ్యి మందిలో పది మందికే జబ్బు ఉందనుకోండి. టెస్టు ఆ పదిలో తొమ్మిది మందిని పట్టుకుంటుంది, జబ్బు లేనివాళ్లలో మాత్రం నూటికి ఐదుగురిని పొరపాటున పాజిటివ్ అంటుంది. పాజిటివ్ వచ్చేవాళ్లు సుమారు 59 మంది. అందులో నిజంగా జబ్బున్నది తొమ్మిది మందికే. మిగతా 50 ఇళ్లలో ఆ రాత్రి అన్నం ఉడకదు.

మన దగ్గర ఇది రోజూ కళ్లముందు జరిగేది టైఫాయిడ్‌కి చేసే వైడాల్ టెస్టుతో. అది 1896 నాటి పద్ధతి. మన ప్రాంతంలో టైఫాయిడ్ క్రిములు ఎప్పుడో ఒకప్పుడు అందరికీ తగిలే ఉంటాయి, టీకాలూ ఉంటాయి. ఒక్కసారి చేసిన వైడాల్‌లో అంకె ఎక్కువ వచ్చినంత మాత్రాన ఇప్పటి జ్వరం టైఫాయిడ్ కాదు. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే బ్లడ్ కల్చర్ తీస్తే తేలుతుంది. దానికి రెండు మూడు రోజులు ఆగాలి. ఆగే ఓపిక మనకు లేదు. 'టైఫాయిడ్ ఉందట' అని రెండు గంటల్లో చెప్తే అందరికీ తృప్తి.

మెట్‌పల్లి అన్న | సోమవారం, ఉదయం 8:15

క్షమించాలి. ఇదంతా చదువుతుంటే నాకు కడుపు రగిలిపోతోంది.

మా తమ్ముడికి 38 ఏళ్లు. వడ్లు తూకం వేయించి ఇంటికొచ్చి ఛాతీలో మంట అన్నాడు. బనియన్ పిండితే నీళ్లు కారేంత చెమట. దగ్గర్లో ఉన్న నర్సింగ్ హోంకు తీసుకుపోతే గ్యాస్ అని సూది వేసి పంపారు. ఈసీజీ తీయలేదు. తెల్లవారుజామున నాలుగింటికి పోయాడు. ఇద్దరు ఆడపిల్లలు.

ఒక్క టెస్టు. నాలుగైదు నిమిషాల పని. మీరు 11 సార్లు రక్తం తీశారని బాధపడుతున్నారు. మీ అమ్మ మీ ఇంట్లో ఉంది. టెస్టులు వద్దని ఎవరైనా అంటే నాకు ఇప్పుడు భయం వేస్తుంది. మా నాన్నకు దగ్గు వచ్చినా అన్నీ చేయించే తీసుకొస్తున్నాను. దయచేసి జనానికి టెస్టులు మానుకొమ్మని చెప్పకండి.

తెనాలి అమ్మాయి | సోమవారం, ఉదయం 8:40

అన్నా, మీ పోస్టు చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మీ తమ్ముడి పిల్లలు బాగుండాలి. టెస్టులు మానుకోమనడం నా ఉద్దేశం కాదు. మీరు చెప్పింది కూడా ఈ చర్చలో ఉండాల్సిందే.

రాత్రి డ్యూటీ | సోమవారం, మధ్యాహ్నం 2:20

మెట్‌పల్లి అన్నా, మీరు అడిగింది నూటికి నూరు పాళ్లు న్యాయం. ఛాతీ నొప్పితో, చెమటలతో వచ్చిన మనిషికి లోపలికి వచ్చిన పది నిమిషాల్లో ఈసీజీ తీసి డాక్టర్ చూడాలి. ప్రపంచమంతా ఒప్పుకున్న నియమం అది. మొదటిది నార్మల్‌గా వచ్చినా నొప్పి తగ్గకపోతే మళ్లీ తీయాలి, గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ టెస్టు పంపాలి, అదీ కొన్ని గంటల తేడాతో రెండోసారి. ఇక్కడ రెండోసారి చేయడం వృథా కాదు, అదే ప్రాణం నిలబెట్టేది.

విజయవాడలో ఒక వార్డులో 11 సీబీపీలు, మీ ఊళ్లో ఒక్క ఈసీజీ కూడా లేకపోవడం. ఇవి రెండూ ఒకే రోగం అనిపిస్తోంది నాకు. ఎదురుగా ఉన్న మనిషికి ఇప్పుడు ఏది తెలియాలి అని ఎవరూ ఆగి అడగకపోవడం. అక్కడ అడగకుండా రాశారు, ఇక్కడ అడగకుండా పంపేశారు.

సీబీపీ సంగతే తీసుకోండి. అదే టెస్టు డెంగీ పేషెంట్‌కు రోజూ చేయాలి, ఒక్కోసారి రోజుకు రెండు మూడు సార్లు. జ్వరం తగ్గే ఆ రెండు రోజులే డెంగీలో ప్రమాదం. అప్పుడు ప్లేట్‌లెట్ల కంటే ముందు రక్తంలో ఎర్రకణాల వాటా చెప్పే పీసీవీ చూడాలి, రక్తం చిక్కబడుతోందా అని. బంధువులంతా ప్లేట్‌లెట్లు ఎన్ని అనే అడుగుతారు. రక్తస్రావం లేనప్పుడు 10 వేల కంటే దిగువకు పడితే తప్ప సాధారణంగా ఎక్కించరు. 40 వేలు ఉన్నాయని, ఎక్కించమని మా మీద అరిచినవాళ్లు ఉన్నారు. ఎక్కించకపోవడమే మంచిదని చెప్పడానికి నాకు అరగంట పడుతుంది. ఎక్కించడానికి సంతకం చాలు.

సోంపేట మాస్టారు | సోమవారం, సాయంత్రం 6:10

ఉద్దానం నుంచి రాస్తున్నాను. మా వైపు కవిటి, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస, ఎక్కడ చూసినా కిడ్నీ జబ్బు. కారణం ఇదీ అని ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. షుగర్ లేదు, బీపీ లేదు, కొబ్బరి తోటలో పనిచేసుకునే మనిషి. వాంతులు, నీరసం అని వెళ్తే క్రియాటినిన్ అప్పటికే 7, 8. ముందుగా ఏ నొప్పీ ఉండదు.

అందుకే మాకు క్రియాటినిన్ టెస్టు చాలా విలువైనది. ఇంట్లో ఒకరికి ఉంటే మిగతావాళ్లు కూడా చేయించుకోవాలని నేను పిల్లల తల్లిదండ్రులకు చెప్తూనే ఉంటాను. అదే టెస్టు తెనాలి అమ్మగారికి తొమ్మిది రోజులు వరసగా. మైక్రోస్కోప్ గారు చెప్పినది నాకు ఇలా అర్థమైంది: జబ్బు ఎక్కువగా ఉన్నచోట టెస్టు మాట నమ్మొచ్చు. పలాసలో ఇప్పుడు 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం వచ్చాయి. అవి రాకముందు టెస్టు కోసం విశాఖ బస్సెక్కినవాళ్లం.

డాలస్ నర్స్ | సోమవారం, రాత్రి 8:55

మాది ఒంగోలు. అమెరికాలో 14 ఏళ్లుగా మెడికల్ వార్డులో పనిచేస్తున్నాను. ఇక్కడ ఇది లేదనుకోకండి. పెద్దవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్స్ మెడికేర్ వాళ్లు 1983 నుంచి జబ్బును బట్టి ఒకే మొత్తం ఇస్తారు. లోపల ఎన్ని రక్త పరీక్షలు చేసినా ఆసుపత్రికి అదనంగా పైసా రాదు. అయినా తెల్లవారుజామున నాలుగింటికి మేం ట్రే పట్టుకుని బయలుదేరేవాళ్లం. అంటే రాత్రి డ్యూటీ గారు చెప్పినట్టు అలవాటు డబ్బు కంటే గట్టిది.

2012లో ఇక్కడి డాక్టర్ల సంస్థ ఏబీఐఎం ఫౌండేషన్ వాళ్లు 'చూజింగ్ వైజ్లీ' అని ఒక ప్రయత్నం మొదలుపెట్టారు. ఒక్కో స్పెషాలిటీ డాక్టర్ల సంఘం, మా రంగంలో అనవసరంగా చేస్తున్నవి ఇవి అని తామే ఒప్పుకుని జాబితా ఇవ్వాలి. బయటివాళ్లు వేలెత్తి చూపడం కాదు, తమది తామే చెప్పుకోవడం. వార్డు డాక్టర్ల సంఘం 2013లో ఇచ్చిన జాబితాలో మీరు అడిగినదే ఉంది: రోగి స్థిమితంగా ఉండి అంకెలు నిలకడగా ఉన్నప్పుడు సీబీపీ, కెమిస్ట్రీ (క్రియాటినిన్, ఎలక్ట్రోలైట్స్ లాంటివి) పదేపదే చేయొద్దు. మూత్రం గొట్టం సౌకర్యం కోసం ఉంచేయొద్దన్నది కూడా అందులోనే. మన దేశంలో క్యాన్సర్ డాక్టర్లు 2019లో ఇలాగే పది విషయాలతో ఒక జాబితా ప్రచురించారు.

జాబితా గోడకు అంటిస్తే ఏమీ మారదు. మా దగ్గర మారింది ఎప్పుడంటే, కంప్యూటర్‌లో 'రోజూ' అన్న బటన్ తీసేసినప్పుడు. టెస్టు కావాలంటే ఎన్ని రోజులో చెప్పాలి, ఆ గడువు దాటితే దానంతట అదే ఆగిపోతుంది. ఇంకొకటి, అత్యవసరం కాని రక్తం తీయడం ఉదయం ఆరు తర్వాతకు జరిపారు. ఆ నెలలో నా పేషెంట్లలో ఒక పెద్దావిడ, ఆసుపత్రిలో మొదటిసారి పూర్తిగా నిద్రపోయానని నా చెయ్యి పట్టుకుని చెప్పింది.

ట్యూబుల రాజు | సోమవారం, రాత్రి 10:30

నేను ల్యాబ్ టెక్నీషియన్ని, ఒక చిన్న టౌన్‌లో. ఇది రాయాలా వద్దా అని రెండు సార్లు చెరిపేశాను.

నేను ముందు పనిచేసిన ల్యాబ్‌లో నెలాఖరున కవర్లు తయారయ్యేవి. ఏ క్లినిక్ నుంచి ఎన్ని శాంపిళ్లు వచ్చాయో లెక్క కట్టి కవరులో పెట్టేవాళ్లం. పంచి రావడం నా పని. ఆర్‌ఎంపీలకు, కొందరు పెద్ద డాక్టర్లకు కూడా. పేషెంట్ కట్టే బిల్లులోంచే అది పోతుంది. వైద్య మండలి 2002 నియమావళిలో రోగిని పంపినందుకు కమీషన్ ఇవ్వడం, తీసుకోవడం నిషేధమని స్పష్టంగా ఉంది. నాకు అప్పుడు తెలియదు. తెలిశాక ఆ పని మానేసి వచ్చేశాను. ఇప్పుడు ఉన్నచోట కవర్లు లేవు, శాంపిళ్లు కూడా తక్కువే వస్తాయి.

కవరు తీసుకోని డాక్టర్లూ నాకు తెలుసు. ఒకాయన చీటీ మీద 'అత్యవసరం కాదు, వారం ఆగి జ్వరం ఉంటేనే చేయించాలి' అని రాసేవారు. ఆ చీటీ మా ఓనర్‌కి నచ్చేది కాదు.

నీడల గది | మంగళవారం, ఉదయం 7:00

రేడియాలజిస్టుని. నాడ్యూల్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను.

4 మి.మీ. అంటే కందిపప్పు బద్దంత. పెద్దవాళ్ల ఛాతీ సీటీల్లో ఇలాంటివి చాలా తరచుగా కనిపిస్తాయి. ఎక్కువ భాగం పాత ఇన్ఫెక్షన్ మచ్చలు, చిన్న లింఫ్ గ్రంథులు. మన దేశంలో అయితే ఇంకా ఎక్కువ. మేం అనుసరించే ఫ్లైష్‌నర్ సొసైటీ 2017 సూచనల ప్రకారం గట్టిగా ఉన్న నాడ్యూల్ 6 మి.మీ. కంటే చిన్నదైతే, పొగ అలవాటు లాంటి ప్రమాదాలేవీ లేనివాళ్లకు మళ్లీ సీటీ తీస్తూ పోవాల్సిన అవసరం లేదు. ఇంతకుముందు క్యాన్సర్ ఉన్నవాళ్లకు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లకు ఇది వర్తించదు. అమ్మగారికి అలాంటివి లేకపోతే ఈ మాటే మీ డాక్టర్ దగ్గర ఎత్తండి. ఫిల్మ్ చూడకుండా నేను ఇంతకంటే చెప్పకూడదు.

ఇంకో మాట. న్యుమోనియా ఐదు నుంచి ఏడు రోజుల్లో తగ్గిపోయిన పెద్దవాళ్లకు మళ్లీ ఛాతీ ఫొటో మామూలుగా అక్కర్లేదని 2019లో అమెరికా ఛాతీ వైద్యులు, అంటువ్యాధుల వైద్యులు కలిసి ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. ఊపిరితిత్తిలో మచ్చ నెమ్మదిగా పోతుంది, మనిషి ముందే కోలుకుంటాడు. ఒక ఛాతీ సీటీకి పడే రేడియేషన్ ప్రకృతి నుంచి మనకు రెండేళ్లకు పైగా వచ్చేదానితో సమానం. 66 ఏళ్ల వయసులో దానివల్ల ముప్పు చాలా చిన్నది, భయపడొద్దు. కానీ ఆ నాడ్యూల్ భయం మీ ఇంటికి వచ్చింది రెండో స్కాను వల్లే కదా.

రిపోర్టులో 'నాడ్యూల్' అని మాత్రమే రాసి వదిలేయడం మా తప్పు. ఈ సైజుకి మామూలుగా ఏం చేయాలో ఒక్క వాక్యం కలిపి రాస్తే సగం ఇళ్లలో ఈ భయం ఉండదు. నేను ఏడాదిగా రాస్తున్నాను.

మియాపూర్ ఐటీ | మంగళవారం, ఉదయం 9:25

మా కంపెనీలో ఏడాదికోసారి ఫ్రీ చెకప్. అందులో క్యాన్సర్ మార్కర్లు అనే రక్త పరీక్షలు కూడా ఉన్నాయి. అవి మంచివే కదా?

పాత మైక్రోస్కోప్ | మంగళవారం, మధ్యాహ్నం 1:10

బాబూ, ఆ మార్కర్లు చాలావరకు క్యాన్సర్ ఉందని తేలినవాళ్లకు చికిత్స ఎలా పనిచేస్తోందో చూసుకోవడానికి. ఏ లక్షణమూ లేనివాళ్లలో వెతకడానికి పనికిరావు. సీఏ 125 అనే మార్కర్ నెలసరి సమయంలో కూడా పెరుగుతుంది. దక్షిణ కొరియాలో 1999 నుంచి క్యాన్సర్ స్క్రీనింగ్‌తో పాటు కొంచెం డబ్బు కడితే మెడకు అల్ట్రాసౌండ్ కూడా తీసేవారు. 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ కేసులు 1993తో పోలిస్తే 15 రెట్లు అయ్యాయి. ఆ క్యాన్సర్‌తో చనిపోయేవాళ్ల సంఖ్య మాత్రం మారలేదు. వేలమంది థైరాయిడ్ తీయించుకుని జీవితాంతం మాత్రలు మింగుతున్నారు.

మీ వయసెంతో నాకు తెలియదు. 30 దాటితే బీపీ చూపించుకోండి, షుగర్ చూపించుకోండి. ఇంట్లో ఆడవాళ్లకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ స్క్రీనింగ్ చేయించండి, అది నిజంగా ప్రాణాలు కాపాడుతుంది. రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే కళ్లె పరీక్ష, ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. ఇవేవీ ప్యాకేజీ బ్రోచర్లో పెద్ద అక్షరాల్లో ఉండవు.

బస్తీ సిస్టర్ | మంగళవారం, మధ్యాహ్నం 3:45

హైదరాబాద్‌లో బస్తీ దవాఖానాలో పనిచేస్తాను. 2018లో తెలంగాణ డయాగ్నస్టిక్స్ వచ్చాక శాంపిల్ ఇక్కడ తీసి పంపితే రిపోర్టు ఉచితం. ఇదివరకు డబ్బు లేక షుగర్ టెస్టు కూడా చేయించుకోనివాళ్లు ఇప్పుడు వస్తున్నారు. నా కళ్లతో చూస్తున్న మేలు ఇది. 'ఫ్రీయే కదా, అన్నీ రాయండి అక్కా' అనేవాళ్లూ ఉన్నారు. మా డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్తుంది. బయట 60 మంది లైన్‌లో ఉన్నప్పుడు కూడా చెప్తుంది.

తెనాలి అమ్మాయి | శనివారం, సాయంత్రం 5:30

ఇవాళ అమ్మను చెకప్‌కు తీసుకెళ్లాం. ఏం అడగాలో కాగితం మీద రాసుకుని వెళ్లాను. గుడివాడ బాబాయ్ గారూ, నాకూ భయమే వేసింది. గొంతు వణికింది.

"సార్, మూడు నెలలకు సీటీలో ఏం కనిపిస్తే అమ్మ మందు మారుతుంది?" అని అడిగాను. అంతే అడిగాను. ఆయన కోప్పడలేదు. సీడీ కంప్యూటర్‌లో పెట్టి చూశారు, అమ్మకు పొగాకు, పొయ్యి పొగ సంగతి అడిగారు, ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ ఉందా అని అడిగారు. రెండు నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చీటీ మీద సీటీ కొట్టేసి, "దగ్గు మళ్లీ మొదలైతే, బరువు తగ్గితే అప్పుడు రండి" అన్నారు. హిమోగ్లోబిన్‌కి నాలుగు వారాల తర్వాత ఒక్క సీబీపీ. విటమిన్ డి మాత్రలు ఆపమన్నారా, వాడమన్నారా అన్నది మర్చిపోయి అడగలేదు, ఫోన్ చేయాలి.

రోజూ రక్తం తీయడం గురించి కూడా అడిగాను. "మీరు అప్పుడే అడగాల్సిందమ్మా, మేమూ చూసుకోవాల్సింది" అన్నారు. కేసు షీటు కాపీ కావాలంటే దరఖాస్తు ఇవ్వమన్నారు. ట్యూబుల రాజు గారు చెప్పిన ఆ 2002 నియమాల్లోనే, రోగి అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని కూడా ఉందట, మా అన్నయ్య చూసి చెప్పాడు. దరఖాస్తు ఇచ్చి వచ్చాను.

అమ్మ చేతుల మీద నలుపు ఇప్పుడు పసుపుగా మారింది.

మెట్‌పల్లి అన్న | ఆదివారం, రాత్రి 7:20

చెల్లెమ్మా, సంతోషం.

రాత్రి డ్యూటీ సార్ రాసింది వారమంతా తలలో తిరిగింది. బుధవారం మా మండలం పీహెచ్‌సీకి పోయి, ఇక్కడ ఈసీజీ తీస్తారా అని అడిగాను. మెషీన్ ఉంది. బీరువాలో ఉంది. ఎందుకు వాడట్లేదంటే పేపర్ రోల్ అయిపోయి నాలుగు నెలలైందట. ఇండెంట్ పెట్టారట, రాలేదట. డాక్టర్ కొత్తగా వచ్చిన అమ్మాయి, ఆమెకు కూడా బాధగానే ఉంది.

నాన్నకు పోయిన వారం చేయించాలనుకున్న ఫుల్ బాడీ చెకప్ డబ్బులు జేబులో ఉన్నాయి. ఏ రోల్ కావాలో ఆమె రాసిచ్చింది. కరీంనగర్‌లో సర్జికల్ షాపులో పది రోల్స్ కొని శుక్రవారం ఇచ్చి వచ్చాను. మెషీన్ తీసి తుడిచి, ప్లగ్గు పెట్టి చూసుకున్నారు, పనిచేస్తోంది. ఇప్పుడు బీరువాలో లేదు, ఓపీ గదిలో మంచం పక్కన స్టూలు మీద ఉంది.